కట్టేశాక ధర తగ్గితే

వేసవి సెలవులకి విశాఖపట్నంలో ఓడ ఎక్కుదామని ఫిబ్రవరిలోనే డబ్బు కట్టేసిన కుటుంబం ఒకటి అమలాపురంలో ఉందనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. సముద్రం కనబడే గది, మూడు రాత్రులు, పుదుచ్చేరి మీదుగా చెన్నై. మే నెలాఖరులో రాజమండ్రి నుంచి మేనల్లుడు ఫోన్ చేస్తాడు. "మావయ్యా, మేమూ వస్తున్నామండి. అదే ఓడ, అలాంటి గదే. మీకెంత పడిందండి?" మావయ్య అంకె చెబుతాడు. అవతల కాసేపు మాట ఉండదు. "మాకు మనిషికి ఐదు వేలు తక్కువకే ఇచ్చారండి" అంటాడు చివరికి, మెల్లగా. నలుగురికీ కలిపి ఇరవై వేలు. అప్పటిదాకా పెట్టెలో ఏం సర్దాలా అని మాట్లాడుకుంటున్న ఇల్లు ఒక్కసారిగా లెక్కల్లో పడుతుంది.

ఈ అంకెలు ఊహించినవి, ఏ కంపెనీవీ కావు. బాధ మాత్రం చాలామంది ఎరిగినదే. ముందుగా కొంటే తక్కువ, ఆలస్యం చేస్తే ఎక్కువ అని కదా అందరూ చెబుతారు? సంక్రాంతికి హైదరాబాద్ నుంచి భీమవరమో కాకినాడో వచ్చే బస్సు టికెట్ దగ్గర అది అక్షరాలా నిజం కూడా. మరి ఓడ దగ్గర ఎందుకు తిరగబడింది? ముందుచూపుతో కట్టినవాడు ఎందుకు నష్టపోయాడు? అసలు నష్టపోయాడా? దీని వెనక యాభై ఏళ్ల నుంచి పెరుగుతూ వచ్చిన ఒక గణితం ఉంది. అది అర్థమైతే ధర ఎప్పుడు తగ్గవచ్చో ముందే కొంత పసిగట్టవచ్చు, తగ్గినప్పుడు ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

గోదావరి జిల్లాల వాళ్లకి ఓడ విహారం ఇదివరకు దూరపు మాట. ఇప్పుడు కాదు. 2022 జూన్‌లో కార్డీలియా క్రూజెస్ వారి ఎంప్రెస్ ఓడ విశాఖకు వచ్చింది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ అన్న పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ అది, పదకొండు అంతస్తులది. ఆ మరుసటి ఏడాది 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. దానికి దాదాపు 96 కోట్ల రూపాయలు ఖర్చుపెట్టారు. రాజమండ్రిలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి ఓడ దగ్గర ఉండవచ్చు. ఇక అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది మరీ మామూలు. డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉండే తెలుగు కుటుంబాలకు గాల్వెస్టన్ రేవు కారులో వెళ్లే దూరం. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను అక్కడి నుంచి ఓడ ఎక్కించడం పరిపాటి అయింది.

ఓడ గది అమ్మేవాడి కష్టం తెలియాలంటే కడియపులంక పూల మార్కెట్టుకి ఒక్కసారి వెళ్లి చూడాలి. శ్రావణ శుక్రవారం ముందురోజు బంతి, చామంతి, లిల్లీ ధరలు పొద్దున ఎలా ఉంటాయో, బేరం పలచబడ్డాక ఎలా ఉంటాయో అక్కడివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కోనసీమ రైతు కొబ్బరికాయ దింపించి, ధర లేకపోతే రాశి పోసి కొన్నాళ్లు ఆగగలడు. పూలరైతు ఆగలేడు. తెల్లారితే సరుకు సరుకే కాదు. ఓడలో గది, విమానంలో సీటు, లాడ్జిలో ఒక రాత్రి కూడా అంతే. ఓడ రేవు వదిలిన క్షణాన ఖాళీ గది విలువ సున్నా. అలాగని పొద్దున్నే అయినకాడికి అమ్మేస్తే, ఎక్కువ ఇచ్చి కొనేవాడు వచ్చేసరికి సరుకుండదు. ఎంత ఇప్పుడే అమ్మాలి, ఎంత దాచి ఉంచాలి? అసలు సమస్యంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

దీనికి మొదటి చక్కని జవాబు 1972లో వచ్చింది. చెప్పినవాడు కెన్నెత్ లిటిల్‌వుడ్, పనిచేసింది బీఓఏసీలో, అంటే తర్వాత బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో కలిసిన సంస్థలో. ఆయన సూత్రం హైస్కూలు పిల్లలకి కూడా అర్థమయ్యేంత తేలిక. మన బస్సు మీదే వేసి చూద్దాం. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి నలభై సీట్ల బస్సు. నెల ముందు అడిగేవాళ్లు సీటుకి 2,000 ఇస్తారు. ఆఖరి రెండు రోజుల్లో వచ్చేవాళ్లు 5,000 అయినా ఇస్తారు, కానీ ఎంతమంది వస్తారో తెలియదు. పాత లెక్కలు చూస్తే అలాంటివాళ్లు కనీసం పదిమంది వచ్చే అవకాశం నూటికి 90, కనీసం ఇరవైమంది వచ్చే అవకాశం 40, ఇరవై అయిదుగురు వచ్చే అవకాశం 20 అని తేలిందనుకోండి.

పదో సీటు దాచి ఉంచితే సగటున వచ్చేది 5,000లో 90 శాతం, అంటే 4,500. ఇప్పుడే అమ్మితే 2,000. కాబట్టి దాచాలి. ఇరవై అయిదో సీటు దాచితే సగటున వచ్చేది 1,000 మాత్రమే, ఇప్పుడే అమ్మేయడం మేలు. ఇరవయ్యో సీటు దగ్గర రెండు వైపులా సరిగ్గా 2,000. గీత అక్కడ పడుతుంది: ఇరవై సీట్లు ఆలస్యంగా వచ్చేవాళ్లకి, మిగతా ఇరవై ముందు అడిగినవాళ్లకి. తక్కువ ధరను ఎక్కువ ధరతో భాగిస్తే వచ్చే 0.4 దగ్గర ఆగమనడమే లిటిల్‌వుడ్ సూత్రం. 1987లో ఎంఐటీ పరిశోధకుడు పీటర్ బెలోబాబా దీన్ని రెండు ధరల నుంచి ఎన్నో ధరలకి విస్తరించాడు. ఈ రోజు కంప్యూటర్లు చేసే పనిలో ఎంత హంగు ఉన్నా పునాది ఇదే.

ఇప్పుడు ధర ఎందుకు తగ్గుతుందో చూడండి. ఆ 90, 40, 20 అన్నవి అంచనాలు. రోజురోజుకీ వచ్చే బుకింగులను పాత సంవత్సరాల ఎదుగుదలతో పోల్చి ఆ అంచనాలను సరిదిద్దుతుంటారు. అనుకున్నంతగా జనం రావడం లేదని తేలితే ఇరవయ్యో సీటుకి అవకాశం 40 నుంచి 25కి పడిపోతుంది. అంటే దాచిన సీట్లలో కొన్నిటిని వదిలేయడం మంచిదని లెక్క చెబుతుంది. వెంటనే తక్కువ ధర గేటు మళ్లీ తెరుచుకుంటుంది. బయట నుంచి చూసేవాడికి అది 'ధర తగ్గింది' అని కనబడుతుంది. లోపల జరిగింది మాత్రం ఒక అంచనా తప్పి, దాన్ని సరిచేసుకోవడం. ఫిబ్రవరిలో మావయ్య కట్టిన ధర ఫిబ్రవరి అంచనాకి తగిన ధర. మేలో మేనల్లుడు కట్టింది మే అంచనాకి తగినది. మావయ్యను ఎవరూ ప్రత్యేకంగా దెబ్బతీయలేదు.

విమాన సంస్థలు ఈ గణితాన్ని ఆయుధంగా ఎలా వాడాయో చెప్పడానికి 1985 చాలు. అమెరికాలో 1978లో విమాన చార్జీల మీద ప్రభుత్వ అదుపు తీసేశాక పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక విమాన సంస్థ పుట్టి దూసుకుపోయింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1985 జనవరిలో, ముందుగా కొన్నవాళ్లకి మాత్రమే అన్న షరతుతో, పీపుల్ ఎక్స్‌ప్రెస్‌తో సమానమైన ధరకు కొన్ని సీట్లు అమ్మింది. ఆలస్యంగా వచ్చే వ్యాపారుల కోసం మిగతా సీట్లు పూర్తి ధరకు దాచింది. ఏడాది తిరిగి, రెండో ఏడు ముగిసేలోపే పీపుల్ ఎక్స్‌ప్రెస్ వేరొకరి చేతికి అమ్ముడుపోయింది. ఈ పద్ధతి తమకు మూడేళ్లలో 140 కోట్ల డాలర్లు తెచ్చిపెట్టిందని అమెరికన్ ఎయిర్‌లైన్స్ నిపుణులు 1992లో ప్రచురించిన వ్యాసంలో లెక్క కట్టారు.

అయితే ఇక్కడొక చిక్కు. విమానం ధర చివర్లో పెరుగుతుంది కదా, ఓడ ధర ఎందుకు తగ్గుతుంది? నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇదే, చాలా తక్కువమంది అడిగేది కూడా ఇదే. ఆఖర్న వచ్చేది ఎవరు? దానికి జవాబు తెలిస్తే ధర ఎటు పోతుందో చాలావరకు తెలిసినట్టే. విమానానికి ఆఖర్న వచ్చేవాడు ఆఫీసు పని మీద వెళ్లేవాడు, లేదా ఇంట్లో ఎవరికో బాగోలేదని బయల్దేరినవాడు. ధర ఎంతైనా వెళ్లక తప్పదు. భోగి ముందురోజు రాత్రి మియాపూర్‌లోనో ఎల్బీనగర్‌లోనో బస్సు కోసం నిలబడ్డ కుర్రవాడికీ వెళ్లక తప్పదు. అమ్మ ఎదురుచూస్తుంటుంది, పెద్ద పండక్కి ఊరు చేరకపోతే ఏడాదంతా వెలితి. అందుకే ఆ ధరలు ఎగబాకుతాయి. అదే బస్సు కనుమ మర్నాడు హైదరాబాద్ నుంచి గోదావరి వైపు సగం ఖాళీగా వస్తుంది, తిరిగి హైదరాబాద్ వెళ్లే సీటుకి మాత్రం గిరాకీ. దూరం మారలేదు, డీజిల్ మారలేదు, తప్పనిసరిగా వెళ్లాల్సినవాళ్లు ఏ దిక్కున ఉన్నారన్నదే మారింది.

ఓడ విహారానికి తప్పనిసరి అంటూ ఎవరికీ ఉండదు. ఆఖరి వారంలో ఓడ గది వెతికేవాడు ఖాళీ ఉంటే, చవగ్గా వస్తే వెళదామనుకునేవాడే. వాడిని ఎక్కించాలంటే ధర దిగాల్సిందే. పైగా ఓడ కంపెనీకి ఖాళీ గది మీద ఉన్న భయం విమాన కంపెనీకి ఖాళీ సీటు మీద ఉన్న భయం కంటే ఎక్కువ. పెద్ద అంతర్జాతీయ క్రూజ్ కంపెనీల ఆదాయంలో దాదాపు మూడో వంతు టికెట్ల మీద కాదు, ఓడెక్కాక జనం పెట్టే ఖర్చు మీద వస్తుంది: పానీయాలు, ప్రత్యేక భోజనాలు, కాసినో, రేవుల్లో దిగి తిరిగే యాత్రలు. గది ఖాళీగా పోతే టికెట్టుతో పాటు ఆ మూడో వంతు కూడా పోతుంది. అందుకే ఓడను నింపి తీరాలన్నది వాళ్ల మొదటి నియమం. గదికి ఇద్దరు చొప్పున లెక్కవేసి నూరు శాతం అంటారు. మూడో మంచం, నాలుగో మంచం కూడా నిండితే నూరు దాటుతుంది. రాయల్ కరీబియన్ 2023లో సగటున 105 శాతానికి పైగా నింపింది. అంతలా నింపాలంటే ఆఖర్న ఎక్కడో ధర వంగాలి.

ఇక రెండో ప్రశ్న. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గడువు ఎప్పుడు ముగుస్తుంది? అమెరికా ఓడల్లో సాధారణంగా మొదట కొంత బయానా కట్టించుకుని, ప్రయాణానికి సుమారు రెండున్నర నుంచి నాలుగు నెలల ముందు మొత్తం సొమ్ము కట్టమంటారు. బయానా తిరిగిచ్చే రకం బుకింగ్ అయితే ఆ తేదీ దాకా నష్టం లేకుండా వెనక్కి వెళ్లవచ్చు. సరిగ్గా ఆ తేదీ దగ్గర ఊగిసలాడేవాళ్లంతా రద్దు చేసుకుంటారు. వాళ్ల గదులు తిరిగి అమ్మకానికి వస్తాయి. కంపెనీకి తన చేతిలో నిజంగా ఎన్ని మిగిలాయో మొదటిసారి స్పష్టంగా తెలిసేది అప్పుడే. కాబట్టి పెద్ద తగ్గింపులు చాలాసార్లు గడువు ముగిసిన తర్వాతే వస్తాయి, అంటే ముందు కట్టినవాడి చేతులు కట్టేసిన తర్వాత. మావయ్యకి కోపం రావడంలో న్యాయం ఉందంటే అది ఇక్కడే ఉంది.

ఇదే ఏర్పాటు మన రైల్వేలో కూడా కనబడుతుంది. 2016 సెప్టెంబర్ 9 నుంచి రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లలో పది శాతం బెర్తులు అమ్ముడైనప్పుడల్లా చార్జీ పది శాతం పెరిగే పద్ధతి పెట్టారు. అక్కడ ధర ఎక్కడమే. కానీ 2017 జనవరి నుంచి, చార్టు తయారయ్యాక కూడా బెర్తులు మిగిలితే అసలు చార్జీలో పది శాతం తగ్గించి అమ్మారు. చార్టు అప్పట్లో రైలు బయల్దేరడానికి నాలుగు గంటల ముందు వచ్చేది. ఏసీ మూడో తరగతిలో వెయ్యి రూపాయల టికెట్ మీద ఆ తగ్గింపు వంద రూపాయలు. ముందుగా కొన్నవాడు ఆ వంద కోసం పాతది రద్దు చేసి కొత్తది కొందామంటే? 2015 నవంబర్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం 48 గంటలకు ముందైతే 180 రూపాయలు, 48 నుంచి 12 గంటల మధ్యలో చార్జీలో పావువంతు, 12 నుంచి 4 గంటల మధ్యలో సగం కోత పడేది. నాలుగు గంటల లోపు ఖరారైన టికెట్టుకి తిరిగొచ్చేది ఏమీ ఉండేది కాదు. తగ్గింపు తలుపు తెరుచుకునే వేళకి రద్దు తలుపు మూసుకునే ఉండేది. ఆన్‌లైన్‌లో కొంటే ఐఆర్‌సీటీసీ సేవా రుసుము ఎలాగూ వెనక్కి రాదు.

అంటే ముందుగా కొనేటప్పుడు మనం కొంటున్నవి రెండు: ఒకటి సీటు, రెండోది మనసు మార్చుకునే హక్కు. చాలామంది మొదటిదాని ధరే చూస్తారు. రెండోదానికి కూడా విలువ ఉందని, దాన్ని లెక్కకట్టవచ్చని 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్ చూపించారు. వాళ్లు చెప్పింది షేర్ల గురించి, కానీ తర్కం టికెట్టుకీ సరిపోతుంది. ఫిబ్రవరిలో గది ధర 30,000, రద్దు ఉచితం. రద్దు హక్కు వదులుకుంటే 28,000కే ఇస్తారు. ఏప్రిల్‌కి, అంటే గడువు లోపలే, ధర 24,000కి పడవచ్చు, 36,000కి ఎక్కవచ్చు, రెండిటికీ సమాన అవకాశం. ఏప్రిల్ దాకా ఆగేవాడికి సగటున పడేది 30,000. హక్కు వదులుకున్నవాడికి ఎటుపోయినా 28,000. హక్కు ఉంచుకున్నవాడు ధర పడితే పాతది రద్దు చేసి 24,000కి కొంటాడు, ఎక్కితే తన 30,000 మీదే ఉంటాడు. సగటు 27,000. చూడ్డానికి రెండు వేలు ఎక్కువ పెట్టిన టికెట్టే మూడింటిలో చవక.

ఇందులో మరో విశేషం ఉంది. ధర ఎంత అటూ ఇటూ ఊగుతుందో ఈ హక్కుకి అంత విలువ. ఎప్పుడూ ఒకే ధర ఉండే చోట రద్దు హక్కు కోసం ఎక్కువ పెట్టడం దండగ. వేసవి ఓడ లాంటి చోట, వానలు ముందొస్తాయో పిల్లల పరీక్షల తేదీలు మారతాయో తెలియని చోట, అది బంగారం. కాబట్టి ముందుగా కొనేటప్పుడు 'ఎంత' అని అడిగే ముందు 'ఏ తేదీ దాకా, ఎంత కోతతో వెనక్కి ఇస్తారు' అని అడగాలి. ఆ జవాబు నోటిమాటగా కాకుండా రాతలో ఉండాలి. ఏజెంటు ద్వారా కొంటే కంపెనీ కోత వేరు, ఏజెంటు కోత వేరు. రెండూ తెలుసుకోవాలి.

మరి తగ్గిన ధర కళ్లపడితే? ముందు అది నిజంగా అదే సరుకా అని చూడాలి. గది రకం ఒకటే అయినా ఏ అంతస్తో, ఇంజను దగ్గరో దూరమో వేరు కావచ్చు. పన్నులు, పోర్టు చార్జీలు, సిబ్బందికి ఇచ్చే టిప్పులు ఒక ధరలో కలిసి, మరో ధరలో విడిగా ఉండవచ్చు. ముందు కట్టినవాళ్లకి పిల్లల టికెట్ ఉచితం లాంటివి ఇచ్చి ఉంటే, రద్దు చేసిన మరుక్షణం అవి పోతాయి. ఇవన్నీ తీసేశాక, రద్దు కోత కూడా తీసేశాక ఇంకా తేడా మిగిలితే అప్పుడు కదలాలి. మొదట రద్దు చేయడం కాదు, మొదట ఫోన్. అదే బుకింగ్ నంబరు మీద కొత్త ధర వేయమని అడగాలి. గడువు లోపల ఉంటే చాలా కంపెనీలు వేస్తాయి. గడువు దాటితే డబ్బు వెనక్కి ఇవ్వరు, కానీ అదే సొమ్ముకి ఇంకా మంచి గదో, ఓడలో ఖర్చుపెట్టుకునే జమో ఇచ్చే అవకాశం ఉంది. వాళ్ల వైపు నుంచి చూస్తే ఖాళీగా పోయే బాల్కనీ గదిలోకి మిమ్మల్ని మార్చడానికి పెద్ద ఖర్చు లేదు. మర్యాదగా, తేదీతో సహా కొత్త ధర తెరపట్టు (స్క్రీన్‌షాట్) దగ్గర పెట్టుకుని అడిగినవాడికి దొరికే వెసులుబాటు అడగనివాడికి దొరకదు. అంతా మాట్లాడాక రద్దు చేసి మళ్లీ కొనక తప్పదనుకుంటే, కొత్త గది ఖరారు కాగితం చేతికొచ్చాకే పాతది వదలాలి. పాత సొమ్ము ఖాతాలో పడేసరికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా రెండు సొమ్ములూ మన జేబులోంచే పోయి ఉంటాయి.

కంపెనీలు ఈ తేడా ఎందుకు ఇస్తాయి, ధర్మానికా? కాదు. 1972లోనే రొనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త ఒక మాట చెప్పాడు: అమ్మేవాడు రేపు ధర దించుతాడని కొనేవాళ్లకి తెలిసిపోతే ఈ రోజు ఎవరూ కొనరు, చివరికి ఈ రోజే దించక తప్పదు. ఆయన చెప్పింది చాలాకాలం మన్నే వస్తువుల గురించి, కానీ ఆ భయం ఓడ కంపెనీకీ ఉంది. జనం ఆఖరి దాకా ఆగడం అలవాటు చేసుకుంటే వాళ్ల అంచనాలే తలకిందులవుతాయి. ముందు కొన్నవాడికి 'తగ్గితే తేడా ఇస్తాం' అని మాటిస్తే ఆగాల్సిన అవసరం పోతుంది. ఈ కారణంగానే కొన్ని కంపెనీలు పైకి ధర తగ్గించకుండా భోజనం, వైఫై, పానీయాలు కలిపి ఇస్తాయి. అంకె కదలదు, సరుకు పెరుగుతుంది. తగ్గింపు వెతికేవాళ్లు అంకె ఒక్కటే చూస్తే దీన్ని గమనించలేరు.

మనసు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇరవై వేల కన్నా ఎక్కువగా ఇల్లు పాడుచేసేది అదే. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో చూపించిందేమిటంటే, మనం లాభనష్టాలను ఉన్న సొమ్ముతో కాక ఏదో ఒక గుర్తుతో పోల్చి కొలుస్తాం, అదే మొత్తం లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం ఇచ్చే బాధ ఎక్కువ. 1992 నాటి వాళ్ల అంచనాలో ఆ బాధ రెండింతలకు పైమాటే. మేనల్లుడి ఫోన్ రానంతవరకు మావయ్య గుర్తు తను కట్టిన ధర. ఫోన్ వచ్చాక గుర్తు మేనల్లుడి ధర. ఓడ, గది, సముద్రం ఏవీ మారలేదు. పైగా ధర పెరిగి ఉంటే మేనల్లుడు ఫోన్ చేసి ఆ మాట ఎత్తడు, 'నేను పది వేలు మిగుల్చుకున్నాను' అని మావయ్య పండగ చేసుకోడు. తగ్గినప్పటి సంగతే చెవిన పడుతుంది, పెరిగినప్పటిది పడదు. అందుకే ముందుగా కొనేవాళ్లంతా ఎప్పుడూ నష్టపోతున్నట్టు అనిపిస్తుంది. రద్దు గడువు దాటాక ఇక ధరలు చూడకపోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. మార్చగలిగిన దాకా వారానికోసారి చూడాలి, మార్చలేనప్పుడు ఆ చూపు వల్ల వచ్చేది బాధే.

విమానంలో వెళ్లేవాళ్లకి కొన్ని రక్షణలు చట్టంలోనే ఉన్నాయి. ప్రయాణానికి కనీసం వారం ముందు కొన్న టికెట్టుని 24 గంటల్లోగా కోత లేకుండా మార్చుకునే వీలును విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చాలా ఏళ్ల కిందటే కల్పించింది. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాద్ టికెట్ రాత్రి కొని, తెల్లారి తగ్గిందని చూసినవాళ్లు దీన్ని వాడుకోవచ్చు. డబ్బు తిరిగిరాదని రాసి ఉన్న టికెట్టు మీద కూడా విమానాశ్రయ రుసుములు వెనక్కి ఇవ్వాల్సిందే. ధర తగ్గితే తేడా ఇవ్వాలని మాత్రం మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. కానీ 'రెండే గదులు మిగిలాయి' అని అబద్ధం చెప్పి తొందరపెట్టడం, చివరి తెర దాకా అసలు ధర దాచి అక్కడ పెంచడం తప్పులని 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. అలాంటివి ఎదురైతే తెరపట్టు తీసి 1915 నంబరుకి ఫిర్యాదు చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంటి ముంగిట ఉన్న పాపికొండల లాంచీ దగ్గరికొస్తే ఈ లెక్కలు కొంత పక్కకు పెట్టాలి. గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కి పేరంటపల్లి దాకా వెళ్లొచ్చే ఆ ప్రయాణంలో పెద్ద అనిశ్చితి ధరది కాదు, గోదావరిది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. వరద ఉంటే లాంచీలు కదలవు, కదలకూడదు. 2019 సెప్టెంబర్ 15న వరద నీటిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి యాభై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే ఎక్కే రేవుల దగ్గర కంట్రోల్ రూములు, తనిఖీలు గట్టిపడ్డాయి. కాబట్టి జూలై నుంచి అక్టోబర్ ఆరంభం దాకా ఈ యాత్రకు ముందుగా డబ్బు కట్టేవాళ్లు అడగాల్సింది ఒక్కటే: వరద వల్ల ఆగిపోతే సొమ్ము మొత్తం వెనక్కి ఇస్తారా, మరో తేదీ మాత్రమే ఇస్తారా? ఇక్కడ మాత్రం వంద రూపాయలు తగ్గిందని బోటు మార్చకండి. లైఫ్ జాకెట్ ప్రతి ఒక్కరికీ ఉందా, అనుమతి ఉందా అన్నవే చూడండి. కోత పడుతుందన్న భయంతో వరదలో పడవెక్కే పని అసలే వద్దు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పన్నెండేళ్లకోసారి, పన్నెండు రోజులే. రాజమండ్రి, కొవ్వూరు, నరసాపురంలో గదుల కోసం ఇప్పటి నుంచే వాకబులు మొదలుపెట్టేవాళ్లుంటారు. పైన అనుకున్న రెండు ప్రశ్నలూ వేసి చూడండి. ఆఖర్న వచ్చేది ఎవరు? తిథి చూసుకుని, పెద్దలకు పిండం పెట్టాలని, ఎంతైనా సరే అని బయల్దేరేవాళ్లు. కాబట్టి చివర్లో గది ధర దిగుతుందని ఆశపడి ఆగడం తెలివి కాదు. అయినా మొదటి మూడు రోజులు, చివరి రోజులు విపరీతమైన రద్దీ ఉండి మధ్యలో కాస్త పలచబడితే, ఆ మధ్య రోజుల గదులు కొన్ని దిగిరావచ్చు. కాబట్టి ఇప్పుడే ఒక గది పట్టుకోవచ్చు, అయితే పుష్కరాలకు కొన్ని వారాల ముందు దాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలు ఉన్నది చూసి, ఆ షరతు రసీదు మీద రాయించుకుని, గడువు తేదీని ఇంట్లో క్యాలెండరు మీద ఎర్రసిరాతో గుర్తుపెట్టుకోవాలి.